టెన్నిస్‌లోకి ఆయిల్ డబ్బు ఇంతకుముందే వచ్చింది: డల్లాస్ డబ్ల్యూసీటీ ఫైనల్స్ కథ

ఈ మధ్య టెన్నిస్ వార్తలు చూస్తున్నవాళ్లకి రెండు గొడవలు తెలిసే ఉంటాయి. ఒకటి సౌదీ డబ్బు. రియాద్‌లో సిక్స్ కింగ్స్ స్లామ్ అని ఆరుగురిని పిలిచి ఆడించి, 2024లో గెలిచిన సినర్‌కి 60 లక్షల డాలర్లు చేతిలో పెట్టారు, అప్పటికి ఏ గ్రాండ్‌స్లామ్ గెలిచినా అంత వచ్చేది కాదు. రెండోది 2025 మార్చిలో ప్లేయర్ల సంఘం పీటీపీఏ న్యూయార్క్ కోర్టులో ఏటీపీ (మగవాళ్ల టూర్), డబ్ల్యూటీఏ (ఆడవాళ్ల టూర్), ఐటీఎఫ్ (అంతర్జాతీయ ఫెడరేషన్)ల మీద వేసిన కేసు. క్యాలెండర్ అంతా వీళ్ల గుప్పిట్లోనే పెట్టుకుని బయటివాడు పోటీ టోర్నీ పెట్టకుండా చేస్తున్నారు, ప్రైజ్ మనీ పెరగనివ్వట్లేదు, ఇదీ వాళ్ల వాదన. చాలామంది ఇదేదో ఇప్పుడే పుట్టిన గొడవ అన్నట్టు మాట్లాడుతున్నారు. కాదండీ, ఆయిల్ డబ్బు రావడం, ఆటని నడిపే సంస్థలు తలుపులు మూసేయడం, చివరికి కోర్టుకెక్కడం, ఇదంతా అమెరికాలో ఒక ఇండోర్ టోర్నీ చుట్టూ యాభై ఏళ్ల కిందటే మొదలై ఇరవై ఏళ్లు నడిచింది. ఆ టోర్నీ ఇప్పుడు లేదు. దాని పేరు డల్లాస్ డబ్ల్యూసీటీ ఫైనల్స్, డబ్ల్యూసీటీ అంటే వరల్డ్ చాంపియన్‌షిప్ టెన్నిస్.

దీని వెనకున్న మనిషి లామార్ హంట్. టెక్సాస్ ఆయిల్ కుబేరుడు హెచ్‌.ఎల్‌. హంట్ కొడుకు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు టీమ్ ఇవ్వలేదని ఏకంగా ఏఎఫ్‌ఎల్ అని ఇంకో లీగే పెట్టినోడు, కాన్సస్ సిటీ చీఫ్స్ ఈయనదే, సూపర్ బౌల్ అనే పేరు కూడా ఈయన నోటి నుంచే వచ్చిందంటారు. నీ కొడుకు లీగ్ పెట్టి ఏడాదికి మిలియన్ డాలర్లు పోగొట్టుకుంటున్నాడని ఎవరో అంటే తండ్రి, ఈ లెక్కన వాడు దివాలా తీయడానికి ఇంకో వందేళ్ల పైనే పడుతుందిలే అన్నాడని ఒక కథ ఉంది. నిజంగా అన్నాడో లేదో గానీ, వీళ్ల దగ్గర ఎంత ఓపికున్న డబ్బు ఉండేదో దాన్ని బట్టి అర్థమవుతుంది.

1967 నాటికి టెన్నిస్ పరిస్థితి చాలా విచిత్రంగా ఉండేది. వింబుల్డన్, ఫారెస్ట్ హిల్స్ (అప్పట్లో అమెరికా చాంపియన్‌షిప్ ఆడే చోటు) లాంటి పెద్ద టోర్నీలన్నీ అమెచ్యూర్లకే, అంటే పేరుకి డబ్బు తీసుకోనివాళ్లకి, కానీ టేబుల్ కింద నుంచి అందరికీ ఎంతో కొంత ముట్టేది, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆస్ట్రేలియా ప్లేయర్లు రాడ్ లేవర్, కెన్ రోజ్‌వాల్ లాంటివాళ్లు ఓపెన్‌గా ప్రొఫెషనల్స్ అయిపోయారు కాబట్టి వాళ్లకి గ్రాండ్‌స్లామ్‌లలోకి ఎంట్రీ లేదు. ప్రపంచంలో బెస్ట్ ప్లేయర్లు ఊరూరూ తిరుగుతూ బాస్కెట్‌బాల్ హాళ్లలో ఆడుకుంటుంటే ట్రోఫీలు మాత్రం వేరేవాళ్లు ఎత్తేవాళ్లు.

ఆ ఏడాది న్యూ ఆర్లీన్స్‌కి చెందిన డేవ్ డిక్సన్ అనే ప్రమోటర్, హంట్, హంట్ మేనల్లుడు ఆల్ హిల్ జూనియర్ కలిసి డబ్ల్యూసీటీ పెట్టి ఎనిమిది మందిని కాంట్రాక్ట్ మీద తీసుకున్నారు: జాన్ న్యూకోంబ్, టోనీ రోచ్, క్లిఫ్ డ్రైస్‌డేల్, రోజర్ టేలర్, నికోలా పిలిచ్, డెనిస్ రాల్స్టన్, బుచ్ బుఖోల్జ్, పియెర్ బార్తెస్. వీళ్లకి హ్యాండ్సమ్ ఎయిట్ అని పేరు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే 1967 వింబుల్డన్ సెమీఫైనల్స్ ఆడిన నలుగురిలో ముగ్గురు, న్యూకోంబ్, పిలిచ్, టేలర్, ఈ లిస్టులో ఉన్నారు, అందులో న్యూకోంబ్ ఆ ఏడాది చాంపియన్. అంటే ఒక్క సంతకాల రౌండ్‌తో వింబుల్డన్ పై వరుసంతా ఖాళీ అయిపోయింది. ఇంగ్లండ్ వాళ్లు అప్పటికే ఈ దొంగ అమెచ్యూర్ నాటకంతో విసిగిపోయి ఉన్నారు, 1967 డిసెంబర్‌లో ప్రొఫెషనల్స్‌ని రానిద్దామని తీర్మానం చేశారు, 1968 మార్చిలో అంతర్జాతీయ ఫెడరేషన్ కూడా తల ఊపింది, ఏప్రిల్‌లో బోర్న్‌మత్‌లో మొదటి ఓపెన్ టోర్నీ జరిగింది. ఇలా ప్రొఫెషనల్స్‌కీ తలుపు తెరిచిన ఈ ఓపెన్ ఎరా క్రెడిట్ అంతా ఆశయాలకి, పెద్దమనుషుల ధైర్యానికి ఇస్తుంటారు గానీ నా లెక్కలో సగం క్రెడిట్ ఈ టెక్సాస్ చెక్‌బుక్‌కి ఇవ్వాలి.

అయితే మొదట్లో డబ్ల్యూసీటీ ఫ్లాపే. 1968 చలికాలంలో కాన్సస్ సిటీలో పశువుల సంత దగ్గర ఆడిన షోలో రంగు బట్టలు వేయించారు, స్కోరింగ్ మార్చారు, ప్రేక్షకుల్ని అరవమన్నారు. నష్టాలు చూసి డిక్సన్ కొద్ది నెలల్లోనే తప్పుకున్నాడు. హంట్, హిల్ మాత్రం వదల్లేదు, వేల్స్‌కి చెందిన మాజీ ప్లేయర్ మైక్ డేవిస్‌ని తెచ్చి నడిపించమన్నారు. అసలు పని మొదలైంది అక్కడే. డేవిస్ ఆటని టీవీ కళ్లతో చూశాడు. తెల్ల బట్టల బదులు రంగు చొక్కాలు, టీవీలో కనపడే రంగు బంతి, సెట్ సాగిపోకుండా 6-6 దగ్గర తేల్చేసే టై-బ్రేక్, కోర్టు మారేటప్పుడు కుర్చీల్లో కూర్చునేందుకు 90 సెకన్లు. ఆ 90 సెకన్లు ప్లేయర్ల మీద జాలితో ఇచ్చినవి కావు, యాడ్స్ కోసం. ఇప్పుడు మనం చూసే టెన్నిస్‌లో ఇవన్నీ ఎంత మామూలయ్యాయంటే, ఒకప్పుడు ఇవి లేవంటే నమ్మబుద్ధి కాదు. వింబుల్డన్ పసుపు బంతికి మారింది 1986లో.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ రంగు బట్టలు, రాత్రి మ్యాచ్‌లు అని వరల్డ్ సిరీస్ పెట్టింది 1977లో, అంటే ఇది జరిగిన పదేళ్లకి. మన దగ్గర 2007లో పోటీ లీగ్‌గా ఐసీఎల్ వస్తే బీసీసీఐ ఏం చేసిందో గుర్తుంది కదా, హైదరాబాద్ హీరోస్‌కి ఆడాడని అంబటి రాయుడు లాంటి కుర్రాడు 2009లో క్షమాభిక్ష వచ్చేదాకా బయటే ఉండిపోయాడు. టెన్నిస్‌లో కూడా అచ్చం అదే జరిగింది, ఆ సంగతి కొంచెం ఆగి చెప్తా.

1970లో హంట్ వాళ్లు పోటీ సంస్థ అయిన నేషనల్ టెన్నిస్ లీగ్‌ని కలిపేసుకున్నారు, దాంతో లేవర్, రోజ్‌వాల్ కూడా వచ్చేశారు. 1971లో 32 మంది ప్లేయర్లు, 20 టోర్నీలు, ఒక్కోదానికి 50,000 డాలర్లు, అంతా కలిపి మిలియన్ డాలర్ల సర్క్యూట్. పాయింట్లలో టాప్ ఎనిమిది మందికి ఏడాది చివర ఫైనల్స్. మొదటి ఫైనల్ 1971 నవంబర్‌లో డల్లాస్ మెమోరియల్ ఆడిటోరియంలో. 37 ఏళ్ల రోజ్‌వాల్ నాలుగు సెట్లలో లేవర్‌ని ఓడించి 50,000 డాలర్లు తీసుకున్నాడు. అదే ఏడాది వింబుల్డన్ గెలిచిన న్యూకోంబ్‌కి వచ్చింది 3,750 పౌండ్లు, అప్పటి రేటులో 9,000 డాలర్లు. ఎక్కడ తొమ్మిది వేలు, ఎక్కడ యాభై వేలు. లండన్‌లో కమిటీ రూముల్లో కూర్చున్నవాళ్లకి ఎందుకు మండిందో ఈ ఒక్క లెక్క చాలు.

తర్వాతి ఫైనల్స్‌ని టీవీ కోసం మే నెలకి మార్చారు, అంటే ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ. 1972 మే 14, ఈసారి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మూడీ కొలీజియం అనే బాస్కెట్‌బాల్ హాల్. మళ్లీ రోజ్‌వాల్, లేవర్. ఈ మ్యాచ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అమెరికాలో టెన్నిస్ టీవీ ఆట అయ్యింది ఈ రోజే అని చాలామంది రాశారు, నేనూ అదే అనుకుంటా. లేవర్ మొదటి సెట్ 6-4, రోజ్‌వాల్ రెండోది 6-0, మూడోది 6-3, నాలుగోది టై-బ్రేక్‌లో లేవర్. ఐదో సెట్ కూడా 6-6. మూడున్నర గంటలు దాటింది, ఎన్‌బీసీ వాళ్లు తర్వాతి ప్రోగ్రాములు పక్కన పెట్టి లైవ్ నడుపుతూనే ఉన్నారు, 2 కోట్ల మందికి పైగా చూశారని అంచనా. టై-బ్రేక్‌లో లేవర్ 5-4 మీదున్నాడు, పైగా తర్వాతి రెండు సర్వీసులూ తనవే. ప్రపంచంలో ఎవరిని అడిగినా లేవర్ గెలిచేశాడనే చెప్తారు. ఆ రెండు సర్వీసులకీ రోజ్‌వాల్ బ్యాక్‌హ్యాండ్‌తో రెండు రిటర్న్ విన్నర్లు కొట్టాడు. 6-5. ఇప్పుడు సర్వీస్ రోజ్‌వాల్‌ది, ఆయన సర్వీస్ ఏమీ భయపెట్టే టైపు కాదు, కానీ లేవర్ దాన్ని తిరిగి పంపలేకపోయాడు. అయిపోయింది. వింబుల్డన్ ఒక్కసారి కూడా గెలవని రోజ్‌వాల్ రెండుసార్లు డల్లాస్ గెలిచాడు, రెండుసార్లు క్యాలెండర్ గ్రాండ్‌స్లామ్ (ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద టోర్నీలూ) కొట్టిన లేవర్‌కి మాత్రం డల్లాస్ ఎప్పటికీ దొరకలేదు. 1973లో సెమీస్‌లో స్టాన్ స్మిత్ చేతిలో, 1975లో సెమీస్‌లో ఐదు సెట్లలో బోర్గ్ చేతిలో ఓడాడు.

ఇంకో మాట, ఈ మ్యాచ్ పాత క్లిప్పులు చూస్తే చూడండి, కోర్టు అంటే కార్పెట్. ఇండోర్‌లో ఏ హాల్ దొరికితే ఆ హాల్లో నేల మీద సింథటిక్ కార్పెట్ పరిచి నెట్ కట్టేవాళ్లు, అయిపోగానే చుట్టి తీసుకెళ్లి ఇంకో ఊళ్లో పరిచేవాళ్లు. సర్క్యూట్ అంత స్పీడుగా ఊళ్లు మారగలిగిందంటే అందుకే. ఏటీపీ ఆ కార్పెట్‌ని 2009 నుంచి తన ప్రధాన టూర్‌లో తీసేసింది.

ఇక బ్యాన్ సంగతి. 1971లో అంతర్జాతీయ ఫెడరేషన్ ఐఎల్‌టీఎఫ్ (ఇప్పటి ఐటీఎఫ్) ఒక నిర్ణయం తీసుకుంది, 1972 నుంచి డబ్ల్యూసీటీ కాంట్రాక్ట్ ఉన్నవాళ్లని తమ టోర్నీలకి రానివ్వం అని. కారణం ప్రైజ్ మనీ మాత్రమే కాదు, ప్లేయర్లు రావాలంటే హంట్ మనుషులు టోర్నీల నుంచి ఫీజులు, హక్కులు అడుగుతున్నారని గొడవ. అలా 1970, 71 రెండేళ్లూ వింబుల్డన్ గెలిచిన న్యూకోంబ్ 1972లో తన టైటిల్ కాపాడుకునే చాన్స్ లేకుండా బయట కూర్చున్నాడు, లేవర్, రోజ్‌వాల్ కూడా అంతే. డల్లాస్ ఫైనల్ అంతమంది చూసిన కొన్ని వారాలకే, ఆ ఫైనల్ ఆడిన ఇద్దరికీ వింబుల్డన్ గేటు మూసి ఉంది. ఓపెన్ ఎరా మొదలై నాలుగేళ్లు కాలేదు, మళ్లీ సగం తలుపు వేసేశారు.

ఆ వసంతంలోనే రాజీ కుదిరింది, కానీ అమల్లోకి వచ్చేసరికి వింబుల్డన్ అయిపోయింది. రాజీ ఏంటంటే క్యాలెండర్ పంచుకున్నారు. జనవరి నుంచి మే దాకా డబ్ల్యూసీటీది, మిగతాది ఫెడరేషన్ వాళ్ల గ్రాండ్ ప్రీ అనే సర్క్యూట్‌ది, కొత్తగా కాంట్రాక్టులు ఉండవు. అప్పుడు ఇది హంట్ గెలుపులాగే కనిపించింది. నాకైతే డల్లాస్‌కి ఉరి బిగించింది ఈ ఒప్పందమే అనిపిస్తుంది. ప్లేయర్లని కట్టిపడేసే కాంట్రాక్టులు పోయాక హంట్ చేతిలో మిగిలింది కొన్ని నెలలూ బోలెడు డబ్బూ, అంతే. నెలలు ఎవడైనా లాక్కోవచ్చు, డబ్బు ఎవడైనా ఎక్కువ పెట్టొచ్చు.

ఈ దెబ్బలాటల మధ్యే 1972 సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ టైమ్‌లో ప్లేయర్లు తమ సంఘంగా ఏటీపీ పెట్టుకున్నారు. మొదటి ప్రెసిడెంట్ హ్యాండ్సమ్ ఎయిట్‌లోని డ్రైస్‌డేలే. మరుసటి ఏడాది పిలిచ్‌ని (ఈయనా ఆ ఎనిమిది మందిలోవాడే) దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ గొడవలో సస్పెండ్ చేశారని 81 మంది వింబుల్డన్ బాయ్‌కాట్ చేశారు. అంటే ఇప్పుడు పీటీపీఏ ఏ ఏటీపీ మీద కేసు వేసిందో, ఆ ఏటీపీ కూడా ఒకప్పుడు ప్లేయర్ల తిరుగుబాటుగానే పుట్టింది.

70లలో డల్లాస్ టైటిల్ అంటే మామూలు విషయం కాదు. 1973లో స్మిత్, 74లో 17 ఏళ్ల బోర్గ్‌ని ఓడించి న్యూకోంబ్, 75లో మళ్లీ బోర్గ్‌ని ఓడించి ఆర్థర్ యాష్, రెండు నెలలు తిరక్కముందే ఆయనే వింబుల్డన్‌లో కానర్స్‌ని మట్టి కరిపించాడు. 76లో చివరికి బోర్గ్, 77లో కానర్స్, 78లో గెరులైటిస్. 1979లో 20 ఏళ్ల మెకన్రో వచ్చి సెమీస్‌లో కానర్స్‌ని, ఫైనల్లో బోర్గ్‌ని వరసగా కొట్టేశాడు. మెకన్రో మొత్తం ఐదుసార్లు గెలిచాడు (79, 81, 83, 84, 89), ఇంకెవరూ ఆ దరిదాపుల్లో లేరు. 1980 నుంచి వేదిక డల్లాస్‌లోనే రీయూనియన్ అరీనాకి మారింది. డబ్ల్యూసీటీకి విడిగా డబుల్స్ ఫైనల్స్ కూడా ఉండేవి, 1977లో కాన్సస్ సిటీలో మన విజయ్ అమృత్‌రాజ్, డిక్ స్టాక్టన్‌తో కలిసి అది గెలిచాడు. విజయ్ అనగానే సినిమాలు, కామెంటరీ గుర్తొస్తాయి గానీ ఈ టైటిల్ గురించి మనవాళ్లు మాట్లాడుకోవడం నేనైతే వినలేదు.

మరి దిగజారింది ఎక్కడ? ఒక్క రోజులో జరగలేదు. గ్రాండ్ ప్రీ వాళ్లకి కూడా సీజన్ చివర మాస్టర్స్ అనే ఫైనల్స్ టోర్నీ ఉండేది, అది 70ల చివర్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కి చేరాక అసలు వరల్డ్ చాంపియన్‌షిప్ ఏది అంటే జనం అటే చూపించడం మొదలెట్టారు. ఇక్కడ మే నెలలో యూరప్ అంతా మట్టి కోర్టుల మీద ఫ్రెంచ్ ఓపెన్‌కి తయారవుతుంటే టెక్సాస్‌లో రూఫ్ కింద కార్పెట్ మీద ఫైనల్స్, ఎవరికి ఎందుకు కుదురుతుంది? 1978లో డబ్ల్యూసీటీ టోర్నీలు గ్రాండ్ ప్రీలోనే కలిసిపోయాయి, నాలుగేళ్లకి పడక 1982లో హంట్ మళ్లీ విడిపోయి సొంతంగా ఏడాదంతా సర్క్యూట్ పెట్టాడు. డబ్బు బాగానే పోశాడు, ఆ ఏడాది లెండిల్ అందులో చాలా టైటిల్స్ ఊడ్చేశాడు, డల్లాస్ ఫైనల్లో మెకన్రోని కూడా ఓడించాడు. కానీ అప్పటికి గ్రాండ్ ప్రీ వాళ్లు కమిట్‌మెంట్ రూల్ తెచ్చారు, పెద్ద టోర్నీలు ఆడాలంటే ఏడాదికి కనీసం పది గ్రాండ్ ప్రీ టోర్నీలు ఆడాలి, లేకపోతే క్వాలిఫైయింగ్ ఆడుకుని రండి అని. బోర్గ్ అంతటివాడే ఒప్పుకోకపోతే 1982లో మోంటే కార్లోలో క్వాలిఫైయింగ్ ఆడాల్సొచ్చింది. ఆ రూల్ ఉన్నాక ప్లేయర్‌కి పోటీ సర్క్యూట్‌లో ఆడటానికి వారాలు ఎక్కడ మిగుల్తాయి?

1983లో డబ్ల్యూసీటీ కోర్టుకెళ్లింది. ప్రొఫెషనల్ టెన్నిస్‌ని నడిపే కౌన్సిల్ మీద, ఫెడరేషన్ మీద, ఏటీపీ మీద, గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా ఉండే చట్టం కింద కేసు. అందరూ కలిసి మమ్మల్ని మార్కెట్ నుంచి తోసేస్తున్నారు అని. పీటీపీఏ కాగితాల్లో ఉన్నదీ దాదాపు ఇదే, పార్టీల పేర్లే మారాయి. కేసు తీర్పు దాకా వెళ్లలేదు, రాజీ పడ్డారు, 1985 నుంచి డల్లాస్ మళ్లీ గ్రాండ్ ప్రీలో ఒక టోర్నీ. తీర్పు వచ్చుంటే టెన్నిస్ ఎలా ఉండేదో ఊహించడం కష్టం గానీ, ఆ రాజీ వల్లే ఈ ప్రశ్న ఇన్నాళ్లూ తేలకుండా నానుతూ వచ్చింది అని మాత్రం అనొచ్చు.

ఆ కేసు నడిచిన 1983లోనే డల్లాస్‌లో ఇంకో గొప్ప ఫైనల్, మెకన్రో లెండిల్ మీద నాలుగు గంటలకి పైగా ఆడి ఐదో సెట్ టై-బ్రేక్ 7-0తో గెలిచాడు. ఆట నాణ్యత తగ్గి టోర్నీ పోయింది అనేవాళ్లకి ఇది చూపించాలి. 1988లో కూడా ఫైనల్ బెకర్, ఎడ్‌బర్గ్ మధ్య, అదే ఏడాది వింబుల్డన్ ఫైనల్లో కూడా వాళ్లిద్దరే. మధ్యలో యారిడ్ బెకర్‌ని, మెచీర్ మెకన్రోని ఓడించిన ఏళ్లూ ఉన్నాయి. డేట్లు మాత్రం మే నుంచి వెనక్కి జరుగుతూ ఏడాది మొదట్లోకి వచ్చేశాయి, ఎవరికి అడ్డం లేకుండా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. 1989లో మెకన్రో బ్రాడ్ గిల్బర్ట్‌ని ఓడించాడు, అదే ఆఖరి ఫైనల్స్.

అప్పటికే 1988 యూఎస్ ఓపెన్‌లో, లోపల ప్రెస్ మీట్‌కి చోటివ్వకపోతే పార్కింగ్ లాట్‌లో నిలబడి, ప్లేయర్లు సొంత టూర్ పెడుతున్నామని ప్రకటించారు. 1990లో ఏటీపీ టూర్ వచ్చింది, గ్రాండ్ ప్రీ పోయింది, డబ్ల్యూసీటీ కూడా ఆ ఏడాదే మూతపడింది. తమాషా ఏంటంటే పెద్ద డబ్బు ఆటని పాడు చేస్తుందని ఇన్నేళ్లు గోల పెట్టిన ఐటీఎఫ్, ఏటీపీకి పోటీగా 1990లోనే మ్యూనిక్‌లో గ్రాండ్‌స్లామ్ కప్ పెట్టి విజేత సాంప్రాస్‌కి 20 లక్షల డాలర్లు ఇచ్చింది. ఓడింది మళ్లీ గిల్బర్టే. అది కూడా ఇండోర్‌లో, కార్పెట్ మీదే, అది కూడా 1999 తర్వాత లేదు. హంట్‌ని 1993లో టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, 2006లో చనిపోయాడు. రీయూనియన్ అరీనాని 2009లో కూల్చేశారు.

ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న టోర్నీ, 2022లో మొదలైన డల్లాస్ ఓపెన్, దీనికి వారసుడేమో అనుకుంటారు చాలామంది. కాదు. ఆ లైసెన్స్ న్యూయార్క్ ఓపెన్‌ది, దానికి ముందు మెంఫిస్‌ది, ఇంకా వెనక్కెళ్తే మేరీల్యాండ్‌లోని సాలిస్‌బరీలో బిల్ రియోర్డన్ నడిపిన యూఎస్ నేషనల్ ఇండోర్. ఈ రియోర్డన్ ఎవరంటే 70ల మొదట్లో డబ్ల్యూసీటీకి పోటీగా చలికాలం ఇండోర్ సర్క్యూట్ నడిపి, కుర్ర కానర్స్‌ని హంట్ వైపు పోకుండా తన దగ్గరే ఆడించుకున్న మనిషి. హంట్ ప్రత్యర్థి టోర్నీయే తిరిగి తిరిగి హంట్ ఊరికి చేరింది, మొదటి మూడేళ్లు ఆడింది కూడా సదరన్ మెథడిస్ట్ క్యాంపస్‌లోనే. 2025లో దాన్ని ఏటీపీ 500 అనే పై స్థాయి టోర్నీగా చేసి ఫ్రిస్కోలో డల్లాస్ కౌబాయ్స్ వాళ్ల ఫోర్డ్ సెంటర్‌కి మార్చారు. ఫ్రిస్కో అంటే తెలిసిందేగా, మనవాళ్లు బోలెడుమంది ఉన్న ఊరు, ఫిబ్రవరిలో ఇంటి నుంచి పది నిమిషాల డ్రైవ్‌లో వెళ్లి చూసొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. అదే ఊళ్లో ఎఫ్‌సీ డల్లాస్ సాకర్ స్టేడియం ఉంది, ఆ టీమ్ హంట్ కుటుంబానిదే.